రోగి వినని ప్రమాణం

మన పల్లెల్లో ప్రమాణం చేయించడానికి ఒక పద్ధతి ఉంది. దొంగతనం మాట వచ్చినా, అప్పు తీర్చావా లేదా అనే పేచీ వచ్చినా, పెద్దమనుషుల దగ్గర తేలకపోతే గుడికి పోదాం పద అంటారు. తడిబట్టలతో నిలబెట్టి ఒట్టు వేయిస్తారు. కొన్నిచోట్ల వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పిస్తారు. ఈ తతంగంలో దేవుడు సాక్షి. ప్రమాణం అడిగినవాడు, అంటే నష్టపోయినవాడు, ఎదురుగానే నిలబడి ఉంటాడు. అతను వినాలి, అతని కళ్ల ముందే జరగాలి. అతను లేని ఒట్టును ఊళ్లో ఎవరూ ఒట్టుగా లెక్కపెట్టరు. వైద్యుల ప్రమాణం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. వైద్య కళాశాలలో చేరిన కొత్తలో తెల్లకోటు తొడిగే రోజున ఒకరు మైకులో చదువుతుంటే తక్కినవాళ్లు చేయి చాచి పలుకుతారు. చదువు ముగిశాక మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు పెట్టే దరఖాస్తుతో పాటు ఇంకో ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం పెడతారు. మొదటిదాన్ని వినేది ప్రొఫెసర్లు, తల్లిదండ్రులు. రెండోదాన్ని చూసేది కౌన్సిల్ గుమాస్తా. ఎవరి ఒంటి గురించి ఆ మాటలన్నీ పుట్టాయో ఆ మనిషి మాత్రం పక్కనున్న పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ పట్టుకుని లైనులో ఉంటాడు. 2013లో వైద్య కళాశాల వచ్చాక మన నిజామాబాద్ ఖలీల్‌వాడిలోనైనా అంతే, ఎక్కడైనా అంతే. రెండున్నర వేల ఏళ్లలో ఈ ప్రమాణంలో దేవుళ్లు మారారు, భాషలు మారాయి, షరతులు చేరాయి, పోయాయి. రోగి గైర్హాజరీ మాత్రం మారలేదు. వైద్య ప్రమాణంలో అసలు లోపం ఇక్కడే ఉందనీ, ఏ సంప్రదాయపు ప్రమాణం గొప్పదనే తగువు దాన్ని కప్పిపుచ్చుతోందనీ నా వాదన.

ముందు గ్రీకుల సంగతి. హిపోక్రటీస్ పేరు మీద చెలామణి అయ్యే ప్రమాణం ఆయనే రాశాడనడానికి ఆధారం లేదు. అపోలో మీద, అస్క్లీపియస్ మీద, అతని కూతుళ్లు హైజియా, పానాకియాల మీద ఒట్టుతో అది మొదలవుతుంది. ఆ వెంటనే వచ్చేది రోగి ఊసు కాదు, గురువు ఊసు. విద్య నేర్పినవాణ్ణి కన్నతండ్రిలా చూసుకుంటాను, నా సంపాదనలో అతనికి వాటా ఇస్తాను, అతని కొడుకులకు ఉచితంగా నేర్పుతాను, ప్రమాణం చేయనివాడికి ఈ విద్య చెప్పను అంటాడు శిష్యుడు. ఆ తరవాతే విషమివ్వననీ, గర్భస్రావానికి సాధనం ఇవ్వననీ, మూత్రాశయంలో రాయి కోసం కత్తి పట్టననీ, గడప లోపలికి అడుగుపెట్టినప్పుడు ఆడవాళ్లనైనా మగవాళ్లనైనా, స్వతంత్రులనైనా బానిసలనైనా చెరపననీ, విన్నది బయటపెట్టననీ వస్తాయి. మాట నిలుపుకుంటే కీర్తి, తప్పితే అపకీర్తి అన్న వాక్యంతో ముగుస్తుంది. మన కంఠేశ్వర్‌లో విషాన్ని గొంతులోనే నిలుపుకున్న నీలకంఠుడి గుడి ఉంది కాబట్టి విషం గురించిన షరతు మనకు వింతగా తోచకపోవచ్చు. ఆనాటి గ్రీకు వైద్యులకు మాత్రం అది వింతే. విషం అడిగితే ఇచ్చేవాళ్లూ, కత్తి పట్టేవాళ్లూ వాళ్లలో మామూలుగానే ఉండేవారు. అందుకే ఈ ప్రమాణం గ్రీకు వైద్యులందరిదీ కాదు, పైథాగరస్ మతస్థుల ప్రభావంలో ఉన్న ఒక చిన్న వర్గానిదని 1943లో లుడ్విగ్ ఎడెల్‌స్టైన్ వాదించాడు. ఆ వాదనను ఇవాళ అందరూ ఒప్పుకోరు. కానీ అది ఒక బృందపు లోపలి కట్టుబాటన్న సంగతి చదివినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. జనం నోట నానే ‘ముందు హాని చేయకు’ అనే సూత్రం కూడా ఆ ప్రమాణంలోది కాదు. దానికి దగ్గరి మాట హిపోక్రటీస్ పేరిట ఉన్న ఇంకో గ్రంథంలో కనిపిస్తుంది. విశ్వవిద్యాలయంలో ఈ ప్రమాణం చేయించిన దాఖలా 1508లో, జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో గానీ దొరకదు. అనాదిగా వైద్యులందరూ హిపోక్రటీస్ మీద ఒట్టు పెట్టుకుంటూ వచ్చారనేది తరవాతివాళ్లు అల్లుకున్న ఊహ.

మనవైపు చరక సంహితలో విమానస్థానం ఎనిమిదో అధ్యాయం ఉంది. నా మట్టుకు గ్రీకు ప్రమాణం కన్నా ఇదే చిక్కనిది. శిష్యుడు గురువుతో కలిసి అగ్నికి ప్రదక్షిణ చేస్తాడు. అగ్ని, బ్రాహ్మణులు, వైద్యులు సాక్షులుగా గురువు కట్టడలు చెబుతాడు. బ్రహ్మచర్యం, సత్యం, మాంసం మానడం, ఆయుధం పట్టకపోవడం చదువుకునే రోజుల నియమాలు. గురువు చెప్పిందల్లా చేయాలి, అయితే రాజుకు ద్రోహమయ్యేది, ప్రాణం తీసేది, పెద్ద అధర్మం అయ్యేది గురువే చెప్పినా చేయనక్కర్లేదు. గురుభక్తిని అంతగా పొగిడే సంప్రదాయం గురువు మాటకే హద్దు గీసిన చోటు ఇది. వైద్యం మొదలుపెట్టాక రాత్రీ పగలూ రోగి మేలు కోసమే పాటుపడాలి, తన బతుకుతెరువు కోసమైనా సరే రోగికి ద్రోహం తలపెట్టకూడదు. పరస్త్రీని, పరధనాన్ని మనసులో కూడా కోరకూడదు. తాగకూడదు, ఆడంబరమైన బట్టలు వేయకూడదు. తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని అనుమతి తీసుకున్నాకే ఇంట్లో అడుగుపెట్టాలి, అడుగుపెట్టాక చూపు, మాట, మనసు రోగి మీదే ఉండాలి, ఆ ఇంటి గుట్టు గడప దాటకూడదు. ఎంత తెలిసినా గొప్పలు చెప్పుకోకూడదు. ఆయుర్వేదానికి తుదీ మొదలూ లేదు కాబట్టి శత్రువు చెప్పినా సరే మంచిమాటైతే నేర్చుకోవాలి. ఇన్ని చెప్పిన ఆ నోటితోనే ఎవరికి మందు ఇవ్వకూడదో కూడా చెబుతాడు చరకుడు. రాజు ద్వేషించేవాడికి, రాజును ద్వేషించేవాడికి, పెద్దలకు గిట్టనివాడికి, మరీ దుర్మార్గుడికి, చావు ముంచుకొచ్చినవాడికి, భర్తో సంరక్షకుడో దగ్గర లేని స్త్రీకి వైద్యం చేయవద్దన్నాడు. ఆమె భర్త అనుమతి లేకుండా ఆమె ఇచ్చే కానుక కూడా పుచ్చుకోవద్దన్నాడు. సుశ్రుతుడు ఇంకో అడుగు వేశాడు. పేదలను, అనాథలను, దూరం నుంచి వచ్చినవాళ్లను సొంత చుట్టాల్లా చూసి సొంత మందులతో బాగుచేయమని ఎంతో ఉదారంగా చెప్పిన వాక్యం వెంటనే, వేటగాళ్లకు, పిట్టలు పట్టేవాళ్లకు, పతితులకు వైద్యం చేయకూడదని రాశాడు. మన జిల్లాలో పిట్టలోళ్లు అని పిలిచే సంచార కులం ఇప్పటికీ ఊరి చివర గుడారాలు వేసుకుంటుంది. ఆ వాక్యం ఎవరి గురించో ఊహించుకోవడానికి మనకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయినా సుశ్రుతంలోనే ఒక అపురూపమైన సంగతి ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. శిష్యుడికి నియమాలన్నీ చెప్పాక గురువు తనవైపు నుంచి కూడా ఒట్టు పెడతాడు. నువ్వు సరిగ్గా నడుచుకుంటున్నా నేను నిన్ను వేరేగా చూస్తే ఆ పాపం నాది, నా విద్య నిష్ఫలమవుతుంది అని. అగ్ని ముందు ఇద్దరూ నిలబడ్డారు, ఇద్దరూ కట్టుబడ్డారు. పెళ్లిలో అగ్నిసాక్షిగా ఇద్దరు ఒకరికొకరు బాధ్యులైనట్టే ఇక్కడ గురుశిష్యులు ఒకరికొకరు బాధ్యులయ్యారు. పైవాడు కిందివాడికి మాట ఇవ్వడమన్నది ప్రాచీన సమాజంలో చిన్న విషయం కాదు. ఒట్టు పెట్టించుకునేవాడు కూడా ఒట్టు పెట్టాలన్న ఆలోచన ఇక్కడిదాకా వచ్చింది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే వైద్యుడూ రోగీ అదే అగ్ని ముందు నిలబడేవారు. ఆ అడుగు పడలేదు. వైద్యానికి వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలున్నాయని చెప్పిన శాస్త్రం, రోగికి ఉండాల్సిన లక్షణాలేమిటో కూడా రాసింది. జ్ఞాపకశక్తి ఉండాలి, చెప్పినట్టు వినాలి, భయపడకూడదు, తన బాధ దాచకుండా చెప్పాలి. నాలుగో పాదానికి లక్షణాలు దొరికాయి గానీ నోరు దొరకలేదు.

ఈ నేపథ్యంలో 2022లో జరిగిన రభసను చూడాలి. హిపోక్రటీస్ ప్రమాణం స్థానంలో చరక శపథం చేయించాలని జాతీయ వైద్య కమిషన్ ఆ ఏడాది మొదట్లో సూచించింది, మార్చి ఆఖరులో మార్గదర్శకాల్లో చేర్చింది. వైద్యుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. బలవంతమేమీ లేదని కేంద్రం పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది. ఏప్రిల్ 30న మదురై వైద్య కళాశాలలో కొత్త విద్యార్థులు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్న సంస్కృత శపథం చదివారు. తమిళనాడు ప్రభుత్వం అక్కడి డీన్‌ను పదవి నుంచి తప్పించి, కొన్ని రోజులకే మళ్లీ కూర్చోబెట్టింది. ఒక పక్షం వలస వాసన వదిలించుకోవాలంది, ఇంకో పక్షం మతం తెచ్చి రుద్దుతున్నారంది. రెండు పక్షాలూ ప్రమాణాన్ని డాక్టర్ల గుర్తింపు చిహ్నంగానే చూశాయి. పిల్లలకు అర్థం కాని సంస్కృతం మీద అంత గొడవైంది గదా, రోగికి అర్థం కాని ఇంగ్లిషు మీద ఎవరికీ గొడవ ఎందుకు లేదు? బోధన్ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, మంజీర అవతలి నుంచి వచ్చే మరాఠీవాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి గ్రీకైనా సంస్కృతమైనా ఇంగ్లిషైనా ఒకటే. హైదరాబాద్‌లో 1846లో నిజాం ప్రభుత్వం పెట్టిన వైద్య పాఠశాల ఉర్దూలో పాఠాలు చెప్పి డాక్టర్లను తయారుచేసింది. రోగి భాషలో వైద్యశాస్త్రమే చెప్పగలిగిన చోట ఒక పేజీ ప్రమాణం చెప్పడం కుదరదా?

ప్రమాణాలు ఎవరిని వెలివేశాయన్నది గ్రంథాల్లో కనిపిస్తుంది, ఆ వెలిని ఎవరు తీసేశారన్నది ఊళ్లలో కనిపిస్తుంది. 1261 నాటి మల్కాపురం శాసనంలో రుద్రమదేవి కాలపు విశ్వేశ్వర శివాచార్యుడు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు ఆదాయం కేటాయించాడు. అక్కడి సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అందరికీ అన్నం పెట్టాలని రాయించాడు. మన దగ్గరి ఉదాహరణ ఇంకా బలమైనది. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ రోడ్డులో పోతే డిచ్‌పల్లి దగ్గర కుష్టు ఆసుపత్రి వస్తుంది. అబర్డీన్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ వనిత, భర్త జార్జ్ కెర్‌తో 1907లో మెథడిస్టు మిషన్ తరఫున ఇటు వచ్చారు. కుష్టు వచ్చినవాళ్లకు ఊళ్లో నిలువ నీడ లేకపోవడం చూసి నిజామాబాద్‌లో చిన్న ఆశ్రయం పెట్టారు. అది చాల్లేదు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత డబ్బు ఇచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్టు ఆసుపత్రి నిలబడింది. 1920లలో అక్కడ ఇచ్చిన ప్రధాన ఔషధం చాల్‌మూగ్రా జాతి గింజల నూనె, సూది ద్వారా. ఆ కుటుంబపు తువరక తైలాన్ని కుష్టుకు వాడమని సుశ్రుతుడే చెప్పాడు. మందు పాతదే. కొత్తగా వచ్చింది తలుపు, వేళ్లు ఊడిపోయినవాడు కూడా లోపలికి రావచ్చు అనే తలుపు. నయం కాని దశకు చేరినవాణ్ణి ముట్టుకుంటే వైద్యుడి పరువు పోతుందని భయపడ్డ పాత నియమాన్ని డిచ్‌పల్లి పక్కన పెట్టింది. ఇసబెల్ కెర్‌ను ఇక్కడికి తెచ్చింది క్రైస్తవ విశ్వాసం, వైద్య ప్రమాణం కాదు. మిషన్ల సేవ వెనుక మతప్రచారం ఉద్దేశం ఉన్నదన్న విమర్శ నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. ఈ ఉదాహరణ నా వాదనకే ఎదురు తిరుగుతుందని కూడా ఎవరైనా అనవచ్చు. రోగికి జవాబుదారీ అని రాసుకోకుండానే ఆమె అంత చేసింది గదా అని. నిజమే. మహానుభావులకు ఏ ప్రమాణమూ అక్కర్లేదు. రోజుకు వందమందిని చూసి విసిగిన మామూలు డాక్టరుకు, అప్పు తెచ్చి నర్సింగ్ హోం కట్టిన మామూలు డాక్టరుకు మాత్రం కావాలి.

ప్రమాణం ఉన్నంత మాత్రాన చాలదనడానికి ఇరవయ్యో శతాబ్దం ఇచ్చిన సాక్ష్యం నూరెంబర్గ్. మనుషుల మీద ప్రయోగాలకు నియమాలు రాసుకున్న తొలి దేశాల్లో జర్మనీ ఒకటి. 1931లోనే రోగి సమ్మతి ఉండాలని అక్కడి ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. పదేళ్లు తిరిగేసరికి అక్కడి డాక్టర్లే ఖైదీలను మంచునీళ్లలో ముంచి ఎంతసేపు బతుకుతారో లెక్కలు రాశారు. 1947లో నూరెంబర్గ్ కోర్టు తీర్పుతో పాటు ప్రయోగాలకు పది నియమాలు చెప్పింది. వాటిలో మొదటిది మనిషి ఇష్టపూర్వకమైన సమ్మతి. మరుసటేడు ప్రపంచ వైద్య సంఘం జెనీవాలో కొత్త ప్రతిజ్ఞ తయారుచేసింది. అందులో దేవుళ్లు లేరు. వైద్యుడు తన గౌరవం మీద ఒట్టు పెడతాడు. మతం, జాతీయత, జాతి, రాజకీయ పక్షం, సామాజిక హోదా చూడనంటాడు. నాజీల తరవాత ఆ మాటలన్నీ అక్కడ ఉండాల్సినవే. చిత్రమేమిటంటే నూరెంబర్గ్ కోర్టు మొట్టమొదట పెట్టిన సమ్మతి 1948 జెనీవా ప్రతిజ్ఞలో ఎక్కడా లేదు. రోగి స్వతంత్ర నిర్ణయాన్ని గౌరవిస్తాననే వాక్యం 2017లో గానీ రాలేదు. కోర్టు ఒక్క తీర్పులో చెప్పినదాన్ని వైద్యుల సంఘం తన ఒట్టులో చేర్చుకోవడానికి 70 ఏళ్లు పట్టింది. ఒట్టు రాసేవాళ్లూ వినేవాళ్లూ వైద్యులే అయినప్పుడు ఏ వాక్యం ముందొస్తుంది, ఏది వెనకబడుతుంది అన్నదానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన దేశంలో డాక్టరు సంతకం పెట్టే ప్రతిజ్ఞ 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళికి అనుబంధంగా ఉంది. అది పాత జెనీవా ప్రతికి నకలు. గర్భం ధరించిన క్షణం నుంచి మానవ జీవితాన్ని గౌరవిస్తానని డాక్టరు అందులో రాసిస్తాడు. 1971 నాటి చట్టం షరతులతో గర్భస్రావాన్ని అనుమతిస్తోంది. అదే డాక్టరు చట్టప్రకారం ఆ పని చేస్తాడు, చేయాలి కూడా. జెనీవా వాళ్లు ఆ మాటను 1983లో మార్చి, 2005లో పూర్తిగా తీసేశారు. మనం తీయలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు. ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. డాక్టరు చూడనని ప్రతిజ్ఞ చేసే జాబితాలో మతం ఉంది, జాతీయత ఉంది, జాతి ఉంది, రాజకీయ పక్షం కూడా ఉంది. కులం లేదు. సామాజిక హోదాలో అది వచ్చేసిందని సమర్థించవచ్చు. జర్మన్లకు జాతి ఎంతో మనకు కులం అంత. జాతిని పేరు పెట్టి చెప్పినవాళ్లు కులాన్ని హోదా మాటున దాచడం నకలు కొట్టినవాళ్ల అజాగ్రత్తే అనుకుందాం. ఆ అజాగ్రత్త ఇన్నేళ్లు నిలిచిందంటే, ఆ కాగితాన్ని మాదిగవాడల రోగి, సంచార కులాల రోగి ఎన్నడూ చదవలేదని అర్థం. చదివి ఉంటే మొదటి రోజే అడిగేవాళ్లు.

సమ్మతి విషయానికి మన తెలుగు నేల మీదే రెండు గట్టి ఉదాహరణలున్నాయి. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పాడు. జ్వరంతో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో కూర్చోబెట్టి దోమలతో కుట్టించాడు, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ దోమల్లో ఒకదాని కడుపులో ఆగస్టు 20న పరాన్నజీవి కనిపించింది. 1902లో నోబెల్ వచ్చింది. రాస్ దుర్మార్గుడు కాడు, ఆ కనుగోలుతో బతికిన ప్రాణాలకు లెక్కలేదు. కానీ ఏం చేస్తున్నామో హుసేన్ ఖాన్‌కు చెప్పి అడగాలన్న నియమం అప్పటి ఏ ప్రమాణంలోనూ లేదు. జ్వరంతో ఉన్న పేదవాడికి అణాలిస్తే అది సమ్మతి అయిపోయింది. 112 ఏళ్ల తరవాత, సమ్మతి గురించి అన్నీ తెలిశాక, ఖమ్మం జిల్లాలో ఏం జరిగిందో చూడండి. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం అది. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉండే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మధ్యలో కొందరు పిల్లలు చనిపోయారు, ఆ చావులకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది. టీకా మంచిదే, లోకమంతా వేస్తోంది. నేనడిగేది సంతకాల గురించి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వాటి మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. ఇంకో 1,948 వేలిముద్రలు. తల్లి పెట్టాల్సిన చోట వార్డెన్ పెట్టాడు. ఆ కార్యక్రమంలో పాల్గొన్న వైద్యులందరూ రిజిస్టరైనవాళ్లే, ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం పెట్టినవాళ్లే. తల్లి వినని ప్రమాణం, తల్లి పెట్టని సంతకం ఒకదానికొకటి సరిపోయాయి.

ఇప్పటి సంగతి చెప్పుకోకుండా పాతవి ఎంత చెప్పినా ఖలీల్‌వాడి రోడ్డు మీద నడిచేవాళ్లకు అది కథలాగే ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో మన లెక్క 80 శాతం పైన. కత్తి పట్టనని గ్రీకు శిష్యుడు ఒట్టు పెట్టుకున్నాడు, మన దగ్గర కత్తి పట్టని కాన్పే అరుదైంది. గర్భసంచి ఆపరేషన్ల విషయంలోనూ రెండు తెలుగు రాష్ట్రాలు దేశంలో ముందువరసలో ఉన్నాయి. ముప్పై అయిదు నిండకముందే కడుపునొప్పని పోయి గర్భసంచి తీయించుకుని వచ్చిన కూలి ఆడవాళ్లు మన చెరుకు ఊళ్లలో కొత్త కాదు. ‘గర్భసంచి చెడిపోయింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అన్నది వాళ్లకు అందే వివరణ. దానికి వాళ్లు తల ఊపడం సమ్మతి. మత్తులో ఉన్న రోగి తరఫున తల్లి ఊ అన్నదని గర్భసంచి తీసేసిన కేసులో, ఆ సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఇంకోవైపు పేషెంటును పంపిన ఆర్‌ఎంపీకి కమిషన్. 2002 నియమావళి దీన్ని పేరు పెట్టి నిషేధించింది. అయినా ఊళ్లో ఎవరికి ఎంత ముడుతుందో మందుల షాపు పిల్లవాడికి కూడా తెలుసు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడి జీతం ఆగిన ఇంట్లో ఆ కమిషన్ ఎవరి జేబులోంచి పోతుందో చెప్పనక్కర్లేదు. అయితే తప్పంతా డాక్టర్ల మీదే వేయడం కూడా న్యాయం కాదు. అమృత ఘడియ చూసి పంతులు రాసిచ్చిన చీటీ పట్టుకుని, ఈ టైముకే బిడ్డను తీయాలని డాక్టరు మీద కూర్చునే కుటుంబాలు మనవే. కాదంటే పక్క ఆసుపత్రికి పోతామనేదీ మనమే.

ఇక అభ్యంతరాలు. మొదటిది, వైద్యుల నుంచి ఎక్కువగా వినిపించేది: ప్రమాణం అంతరాత్మకు సంబంధించింది, జవాబుదారీతనానికి చట్టం ఉంది, 1995లో సుప్రీంకోర్టు మమ్మల్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది, ఇంకేం కావాలి అని. వినియోగదారుల కోర్టుకు పోవాలంటే ముందు నష్టం జరగాలి, తరవాత రుజువు దొరకాలి, ఆపైన వకీలు దొరకాలి. చట్టం చేయి విరిగాక కట్టు కట్టేది. తనకు ఏమిటి బాకీ ఉందో ముందే రోగికి తెలిసేట్టు చేయడం ప్రమాణం పని. అదీగాక, అంతరాత్మకు మాత్రమే చెప్పుకునే మాటకు సభ ఎందుకు, మైకు ఎందుకు, ఫొటోలెందుకు? నలుగురి ముందు చెప్పాలనుకున్నప్పుడు ఆ నలుగురిలో ఎవరుండాలన్న ప్రశ్న తప్పదు. రెండోది దీనికన్నా బరువైనది: రోగికి వైద్యం తెలియదు, వాణ్ణి ప్రమాణానికి యజమానిని చేస్తే ప్రతి చావుకూ డాక్టరు కాలరు పట్టుకుంటాడు, ఇప్పటికే కొడుతున్నారు అని. కొడుతున్నారన్నది నిజం. దానికోసం ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. కానీ ఆసుపత్రి అద్దాలు పగిలే చోట ఎక్కువగా కనిపించేది, లోపల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదన్న కోపం. ఏం ఆశించాలో తెలిసినవాడికి ఏం ఆశించకూడదో కూడా తెలుస్తుంది. బతికిస్తానని ఏ ప్రమాణమూ ఎన్నడూ చెప్పలేదు. హిపోక్రటీస్ చెప్పలేదు, చరకుడు చెప్పలేదు. ఆ సంగతి రోగి చెవిన పడితే డాక్టరుకే రక్షణ. సుశ్రుతుడి గురువులాగా ఇది రెండువైపులా ఉండాలంటాను. రోగి కూడా అబద్ధం చెప్పనని, వేరేచోట వాడిన మందులు దాచనని, చేయి చేసుకోనని మాట ఇవ్వాలి.

మూడో అభ్యంతరం ఆస్తికులది. నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేదీ అదే. దేవుణ్ణి తీసేశాక ప్రమాణంలో మిగిలేది ఏమిటి? తప్పితే కళ్లు పోతాయన్న భయం లేని ఒట్టు ఒట్టేనా? తన గౌరవం మీద ఒట్టు పెట్టినవాడికి గౌరవమే లేకపోతే? ఇది తోసిపుచ్చగల ప్రశ్న కాదు. పాత ప్రమాణాల బలమంతా, ఎవరూ చూడనప్పుడు కూడా చూసే సాక్షిలో ఉంది. మూసిన ఆపరేషన్ గదిలో అగ్నిదేవుడు చూస్తాడు, మెడికల్ కౌన్సిల్ చూడదు. కానీ ఆ సాక్షి ఉన్న రోజుల్లోనే పిట్టలోడికి మందు ఇవ్వొద్దన్న వాక్యం పుట్టింది. దేవుడు చూస్తున్నాడన్న భయం ఆ గీత లోపలే పనిచేసింది. గీతను ఎక్కడ గీయాలో దేవుడు చెప్పలేదు, రాసినవాళ్లు చెప్పారు. కాబట్టి దైవసాక్షి ఉండటం, లేకపోవడం ఒక ప్రశ్న, ఒట్టు ఎవరికి బాకీ అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది డాక్టరు తన విశ్వాసాన్ని బట్టి తేల్చుకోవచ్చు. రెండోదానికి నిజామాబాద్ రైతులు ఒక పాఠం చెప్పారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు తెస్తానని ఒక అభ్యర్థి బాండు పేపర్ మీద రాసిచ్చారు. 2025 జనవరిలో బోర్డు మొదలయ్యేదాకా, ఏళ్ల తరబడి, రైతులు ఆ కాగితాన్నే ఎత్తి చూపి అడిగారు. గుళ్లో రహస్యంగా మొక్కుకున్న మొక్కైతే అడిగేవాళ్లు ఉండేవారు కాదు. ఆ బాండులో దేవుడి పేరుందా లేదా అని ఎవరూ చూడలేదు. అది ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు దాన్ని వదల్లేదు.

అలాంటి కాగితం రోగి చేతికి రావడానికి పెద్ద చట్టాలేమీ అక్కర్లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. దాన్ని ప్రదర్శించమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అది రోగి వైపు నుంచి రాసింది కాబట్టి డాక్టరు సంతకం దాని మీద ఉండదు. డాక్టరు సంతకం పెట్టే ప్రతిజ్ఞను రోగి చూడడు. ఈ రెండు కాగితాలూ ఒకటే కావాలి. జెనీవా నకలు పక్కన పెట్టి, తెలుగులో, ఉర్దూలో, బోధన్ వైపు మరాఠీలో, పది వాక్యాలకు మించకుండా రాయాలి. కులం చూడనని పేరు పెట్టి చెప్పాలి. ఎందుకు కోయాలో, కోయకపోతే ఏమవుతుందో నీ భాషలో చెప్పాకే కత్తి పడతానని చెప్పాలి. నిన్ను పంపినవాడికి నేను రూపాయి ఇవ్వలేదని చెప్పాలి. చరకుడి నుంచి ఇంటి గుట్టు తీసుకోవచ్చు, గురువు మాటకు గీసిన హద్దు కూడా తీసుకోవచ్చు, ఇవాళ ఆ గురువు స్థానంలో నెలకిన్ని ఆపరేషన్లని టార్గెట్ పెట్టే యాజమాన్యం ఉందనుకుని. తెల్లకోటు రోజున ఆ పది వాక్యాలు ఓపీ హాల్లో, లైనులో ఉన్నవాళ్ల ముందు చదవాలి. డాక్టరు గదిలో, రోగి కూర్చునే కుర్చీకి ఎదురుగా ఉన్న గోడకు, అతని సంతకంతో వేలాడాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ అనువాదం చేయించి పంపడానికి ఒక సమావేశం సరిపోతుంది. ఆర్‌ఎంపీల సంగతి మాత్రం దీనితో తేలదు. వాళ్లు ఏ ప్రమాణం కిందికీ, ఏ కౌన్సిల్ కిందికీ రారు. అయినా రాత్రి పన్నెండింటికి తలుపు తడితే లేచి వచ్చేది వాళ్లే కాబట్టి ఊరు వాళ్లను వదులుకోదు. కమిషన్ పుచ్చుకునే చేయి వాళ్లది, ఇచ్చే చేయి సంతకం పెట్టిన డాక్టరుది. గోడ మీది కాగితం ఆ రెండో చేతిని అడగడానికి.